ఆరోగ్య బీమా ఉత్తరం ఎవరి చేతికి చేరాలి?

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బాగా చదువుకోండి, వృద్ధిలోకి రండి అని చెప్పడం ఇలాంటి సభల్లో ఆనవాయితీ. ఆ మాట నాకన్నా ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నేను బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. జీవితమంతా ఫారాలు చూసినవాణ్ణి కాబట్టి ఫారంలోని ఒక చిన్న గడి గురించి చెబుతాను. అది 'చిరునామా, ఫోన్ నంబరు' అనే గడి.

చాలా ఏళ్ల కిందట మా కౌంటరుకు ఒకావిడ వచ్చి తన పేరు మీద సేవింగ్స్ ఖాతా తెరిచింది. కుట్టుపని మీద వచ్చిన డబ్బు కొద్దికొద్దిగా వేసుకునేది. ఇంటికి ఉత్తరాలేమీ పంపవద్దండీ అని మరీ మరీ చెప్పింది. కొన్నాళ్లకు ఆమె భర్త వేరే పని మీద బ్యాంకుకు వచ్చాడు. తెలిసిన మనిషే కదా అని, "మీ ఆవిడ కూడా మా దగ్గర బాగానే దాచుకుంటోందండీ" అన్నాను. మెచ్చుకోలుగానే అన్నాను. మరుసటి వారం ఆవిడ వచ్చి ఖాతా మూసేసింది. ముంజేతికి కట్టు ఉంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. సంతకం చేసి వెళ్లిపోయింది. ఖాతాదారుల వివరాలు ఇతరులకు చెప్పకూడదని నాకు తెలుసు. భర్త కూడా 'ఇతరుడే' అని ఆ రోజు నాకు తోచలేదు.

ఈ రోజుల్లో అలాంటి మాట బయటపడటానికి గుమాస్తా నోరు జారనక్కర్లేదు. మెసేజ్ దానంతటదే వెళ్లిపోతుంది. ఇక్కడ హోసూరు ఫ్యాక్టరీల్లోనూ, బెంగళూరు కంపెనీల్లోనూ పనిచేసే మనవాళ్లలో చాలామందికి కంపెనీయే గ్రూపు ఆరోగ్య బీమా ఇస్తుంది. అందులో భార్యాపిల్లలు కూడా ఉంటారు. కానీ రికార్డులో సాధారణంగా ఉండేది ఉద్యోగి ఫోన్ నంబరు, ఉద్యోగి ఈమెయిలు. భార్య ఆసుపత్రిలో బీమా కార్డు చూపించగానే అనుమతి కోసం కాగితాలు వెళతాయి. అనుమతి వచ్చినప్పుడు, బిల్లు చెల్లించినప్పుడు భర్త ఫోనుకు మెసేజ్ వస్తుంది. మామూలు సంసారాల్లో అది సౌకర్యమే. కానీ దెబ్బలకు తాళలేక ఇల్లు విడిచి, వేరే ఊళ్లో తలదాచుకున్న మనిషి విషయంలో ఆలోచించండి. ఆమె ఏ ఊళ్లో ఉందో, ఏ ఆసుపత్రికి వెళ్లిందో ఆ ఒక్క మెసేజే ఆమె భర్తకు చెప్పేస్తుంది.

మన ఇళ్ల ఆడపిల్లలు కొందరు పెళ్లయి అమెరికాలో ఉన్నారు. వాళ్లలో చాలామందికి భర్త ఉద్యోగం ద్వారా వచ్చే బీమాయే ఆధారం. అక్కడ వైద్యం చేయించుకున్నాక బీమా సంస్థ 'ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్' అనే కాగితం పంపుతుంది. ఏ తేదీన, ఎవరి దగ్గర, ఏ సేవ పొందారు, సంస్థ ఎంత చెల్లించింది అనే వివరాలు అందులో ఉంటాయి. అది మామూలుగా పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్లకు వెళుతుంది.

ఆ దేశం దీనికి ఒక దారి చూపింది. 1996 నాటి 'హిపా' చట్టం కింద వచ్చిన గోప్యతా నియమాలు 2003 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాయి. నా వైద్య సమాచారం ఇంటికి వస్తే నాకు ప్రమాదం, ఫలానా చిరునామాకు పంపండి, లేదా ఫలానా విధంగా తెలియజేయండి అని ఆమె స్పష్టంగా కోరితే, సబబైన కోరికను బీమా సంస్థ మన్నించి తీరాలి. రాతపూర్వకంగా ఇమ్మని సంస్థ అడగవచ్చు. కాలిఫోర్నియా రాష్ట్రం ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడ 2022 జూలై 1 నుంచి, భాగస్వామి హింసకు సంబంధించిన వైద్యం వంటి సున్నితమైన సేవల సమాచారాన్ని వైద్యం పొందిన మనిషికే పంపాలి. పాలసీదారు అనుమతి అవసరం లేదు. సమాచారం వేరే చోటికి పంపమన్న కోరిక ఫోన్ ద్వారా గాని ఆన్‌లైన్‌లో గాని వస్తే 7 రోజుల్లో, పోస్టులో వస్తే 14 రోజుల్లో అమలు చేయాలి.

అయితే హక్కు ఉండటం వేరు, అడగటం వేరు. అడగకపోతే కాగితం పాత చిరునామాకే వెళుతుంది. బీమా వెబ్‌సైటు పాస్‌వర్డు భర్తకు తెలిసి ఉంటే చిరునామా మార్చినా ఫలితం ఉండదు. కూతురు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు ఈ రెండు మాటలూ ఆమె చెవిన వేయండి. అక్కడి గృహహింస సహాయ కేంద్రం నంబరు 1-800-799-7233.

ఇక మన దేశం సంగతి. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. ఆమె కోరితే ఆశ్రయ గృహం వారు ఆమె అక్కడ ఉన్న సంగతి ఎదుటి పక్షానికి చెప్పకూడదని దాని నియమాల్లోనే ఉంది. ఆసుపత్రి వారు, ముందు ఫిర్యాదు నివేదిక తెచ్చుకో అని వైద్యం నిరాకరించకూడదు. వైద్యం ఖర్చులు ఇప్పించమని మేజిస్ట్రేటును కోరవచ్చు. కాబట్టి ప్రాణభయం ఉన్న మనిషి, భర్త బీమా కార్డు తప్ప గతి లేదని అనుకోనక్కర్లేదు. ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 181కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. కార్డు వాడక తప్పకపోతే, మెసేజ్ ఏ నంబరుకు వెళుతుందో ఆసుపత్రి బీమా కౌంటరులో ముందే అడగాలి. గ్రూపు పాలసీలో నంబరు మార్పు చాలాసార్లు భర్త పనిచేసే ఆఫీసు ద్వారానే జరగాలి. కనుక ముందు అడగడమే మేలు.

అమ్మాయిలకు నా సలహా ఇది. సిమ్ మీ పేరున ఉండాలి. బ్యాంకు ఖాతాలో మీ నంబరే ఉండాలి. ఉద్యోగం వచ్చాక చిన్నదైనా సరే, మీ పేరున ఒక బీమా పాలసీ తీసుకోండి. ఇది భర్త మీద అనుమానంతో చేసే పని కాదు. పెద్దవాళ్లం ఖాతాకు నామినీని రాసేది చావు కోరుకుని కాదు కదా!

అబ్బాయిలకూ ఒక మాట. మీలో బి.కాం. చదివేవాళ్లు ఎక్కువమంది ఉన్నారు. రేపు మీరే బ్యాంకు కౌంటరులోనో, బీమా ఆఫీసులోనో, ఆసుపత్రి బిల్లుల దగ్గరో కూర్చుంటారు. ఒకాయన వచ్చి, "నేను ఆమె భర్తనే, వివరాలు చెప్పండి" అంటాడు. మర్యాదగా, "ఆవిణ్ణే రమ్మనండి సార్" అనండి. ఆ ఒక్క వాక్యం నేను ఆ రోజు అనలేకపోయాను.

చివరగా ట్రస్టు పెద్దలకు ఒక మనవి. మన దరఖాస్తు ఫారంలో ఫోన్ నంబరుకు ఒకటే గడి ఉంది. ఈసారి వచ్చిన దరఖాస్తులు నేను సరిచూశాను. ఆడపిల్లల ఫారాల్లో దాదాపు అన్నిటిలో తండ్రి నంబరే ఉంది. వచ్చే ఏడు ఆ గడి పక్కన 'విద్యార్థిని సొంత నంబరు' అని ఇంకొక గడి వేయించండి. ఉపకార వేతనం జమ అయినప్పుడు మొదటి మెసేజ్ ఆ పిల్లకే వెళ్లేలా చూడండి.