అక్కయ్య పాటలు – కంప్యూటరు తాళాలు
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో పాటలు రికార్డు చేసుకోవడం గురించి ఒక పావుగంట మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. ముప్ఫై నాలుగేళ్ళు టెలిఫోను ఎక్స్చేంజిలో పనిచేసినవాణ్ణి. నాకు సంగీతం రాదు, ఫాల్టు వెతకడం మాత్రం వచ్చు. అందుచేత ఫాల్టుల గురించే మాట్లాడతాను.

మా అక్కయ్యది కోనసీమ. పెళ్ళిపాటలు, లాలిపాటలు, మంగళహారతులు ఆవిడ నోట్లో ఉండేవి గాని ఏ కాగితం మీదా లేవు. 2021లోనూ 2022లోనూ చలికాలంలో మా ఇంటికి వచ్చినప్పుడు ఒక మైకు కొని, కంప్యూటరులో 22 పాటలు రికార్డు చేశాను. 2023లో ఆవిడ కాలం చేశారు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు ముగిసింది. నా పాత కంప్యూటరు విండోస్ 11కి పనికిరాదన్నారు. కొత్తది కొని, పాటల ఫోల్డరంతా అందులోకి మార్చి, మొదటి పాట తెరిచాను. "మూడు ప్లగిన్లు దొరకలేదు" అని తెర మీద పడింది. తంబూరా శ్రుతి వినిపించలేదు. అక్కయ్య గొంతు ఫ్యాను హోరులో ఎక్కడో దూరంగా ఉంది. అంతా పోయిందనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పోలేదు. ఎందుకు పోలేదో చెబుతాను. రికార్డింగు సాఫ్టువేరులో మన గొంతు ఒక మామూలు ధ్వని ఫైలుగా విడిగా ఉంటుంది. ప్లగిన్ అంటే దానికి తగిలించిన అదనపు సరంజామా. హోరు తగ్గించేది ఒకటి, గుడి మంటపంలో పాడినట్టు గుంజు ఇచ్చేది ఒకటి, తంబూరా వాయించేది ఒకటి. సరంజామా ఊడిపోతే గొంతు చెడదు. తంబూరా మాత్రం మూగబోతుంది, ఎందుకంటే అక్కడ దాచినది ఏ స్వరం ఎప్పుడు మోగాలన్న సూచనే గాని శబ్దం కాదు.

ఫోను పని చేయడం లేదని 198కి ఫిర్యాదు వస్తే మనం ముందు ఏం చేసేవాళ్ళం? ఎం.డి.ఎఫ్. దగ్గర లైను విడదీసి, తప్పు లోపలిదా బయటిదా అని చూసేవాళ్ళం. ఇక్కడా అదే పద్ధతి. ఖాళీగా ఒక కొత్త ప్రాజెక్టు తెరిచి, ప్లగిన్లను ఒక్కొక్కటిగా తగిలించి చూశాను. ఒకే ఫాల్టు అనుకున్నది మూడు వేరువేరు ఫాల్టులుగా తేలింది.

మొదటిది తంబూరా. ఇది వేరే ఫోల్డరులో ఉంది, సాఫ్టువేరు అక్కడ వెతకడం లేదు. విండోస్‌లో వీఎస్టీ3 రకానికి ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని కామన్ ఫైల్స్‌లో వీఎస్టీ3 అనే నిర్ణీత స్థానం ఉంది. పాత వీఎస్టీ2 రకానికి అలాంటి ఒకే చోటు లేదు, ఎవరికి తోచిన చోట వారు పెట్టారు. సెట్టింగులలో ఆ ఫోల్డరు చూపించి "మళ్ళీ వెతుకు" అన్నాను. శ్రుతి పలికింది.

ఈ రకాల గొడవ ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. మన పాత ఫోను తీగను రోజెట్‌లో మరలతో బిగించేవాళ్ళం, తరవాత నొక్కితే పట్టుకునే సాకెట్లు వచ్చాయి. దీని తీగ దానికి పట్టదు. ప్లగిన్లూ అంతే. జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ 1996లో వీఎస్టీ పద్ధతి తెచ్చింది, 2008లో వీఎస్టీ3 తెచ్చింది, 2018 అక్టోబరు నుంచి వీఎస్టీ2 తయారీ సామగ్రిని కొత్తవారికి ఇవ్వడం మానేసింది. ఆపిల్ వారిది ఆడియో యూనిట్స్. ప్రో టూల్స్ వాడేవారికి ఏఏఎక్స్. కొనేముందు మన సాఫ్టువేరు ఏ రకం తీసుకుంటుందో చూసుకోవాలి.

రెండోది గుంజు ఇచ్చే ప్లగిన్. ఫైలు ఉన్న చోటే ఉంది, అయినా కనబడదు. అది 32 బిట్ల కాలంలో తయారైనది, నా కొత్త సాఫ్టువేరు 64 బిట్లది. కొన్ని సాఫ్టువేర్లు మధ్యలో వంతెన వేసి పాతవాటినీ నడుపుతాయి, నాది నడపదు. ఆపిల్ వారైతే 2019లో కాటలీనా అనే కూర్పుతో 32 బిట్ల ప్రోగ్రాములన్నిటికీ తలుపు మూసేశారు. నా ప్లగిన్ తయారుచేసినవారు దాన్ని ఎప్పుడో వదిలేశారట. ఈ ఫాల్టుకు మరమ్మతు లేదు. మరొకటి తగిలించుకున్నాను, అది అచ్చంగా పాతదానిలా ఉండదు.

మూడోది హోరు తగ్గించేది. ఇది డబ్బు పెట్టి కొన్నది, కాబట్టి సైన్ ఇన్ అడిగింది. మన పెళ్ళిళ్ళలో తలుపు దగ్గరి పాట ఉంది కదా, పేరు చెబితేగాని కొత్త దంపతులను లోపలికి రానివ్వరు. ఇదీ అలాంటిదే, కాకపోతే ఇక్కడ నవ్వేవాళ్ళు లేరు. నా ఈమెయిలు ఇచ్చాను. అలాంటి ఖాతా లేదంది. అప్పుడు గుర్తొచ్చింది. తల్లి పాటల కోసమని అమెరికాలో ఉన్న మా మేనల్లుడు తన ఆఫీసు ఈమెయిలుతో కొని పంపాడు. తరవాత ఉద్యోగం మారాడు. రహస్య సంఖ్య ఇప్పుడు లేని ఆ చిరునామాకు పోతోంది.

ఇక్కడే నేనొక తప్పు చేశాను. ఇంటర్‌నెట్టులో ఆ కంపెనీ సహాయం నంబరు అని వెతికి, కనిపించినదానికి ఫోను చేశాను. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. ఒక యాప్ పెట్టుకోమన్నాడు, పది రూపాయలు చెల్లిస్తే తలుపు తెరుచుకుంటుందన్నాడు. బ్యాంకు పేరు అడిగేసరికి మా ఆవిడ వెనకనుంచి వచ్చి, "పాటకూ పెన్షను ఖాతాకూ ఏమిటండీ సంబంధం?" అని ఫోను కట్టేసింది. ఆ ఒక్క మాట నా పెన్షను డబ్బు కాపాడింది. అలా మోసపోయినవారెవరైనా ఉంటే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోను చేయండి.

అసలు దారి చాలా తేలిక. కొన్నప్పటి రసీదు మీద ఉన్న వెబ్‌సైటులోకి వెళ్ళి, మేనల్లుడి చేత ఉత్తరం రాయించి, రసీదు నకలు జతచేశాం. నాలుగో రోజున లైసెన్సు నా పేరుకు మార్చారు. అప్పటికీ పని చేయలేదు! ఆ లైసెన్సు రెండు కంప్యూటర్లకే, మేనల్లుడిదీ నా పాతదీ లెక్కలో ఉన్నాయి. ఖాతా పేజీలో పాతదాన్ని తొలగించాక తలుపు తెరుచుకుంది. పాత కంప్యూటరు అమ్మేముందే ఈ పని చేసుకుంటే మేలు.

ఇంకో రెండు సంగతులు. పాత కంప్యూటరులో నాణెమంత బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ళ వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే సురక్షిత వెబ్‌సైట్లు నమ్మవు, సైన్ ఇన్ కుదరదు. ముందు గడియారం చూడండి. కొన్ని సాఫ్టువేర్లు అప్పుడప్పుడూ ఇంటర్‌నెట్టుకు తగిలి హాజరు వేయించుకోవాలి. మనం ఏటా నవంబరులో బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం కదా, అలాగే.

నేను నేర్చుకున్న అసలు పాఠం ఒక్కటే. పాట పూర్తికాగానే ప్రతి ట్రాకునూ, తంబూరాతో సహా, సున్నా సెకను నుంచి మొదలయ్యేలా వేవ్ ఫైలుగా విడివిడిగా తీసి దాచండి. దానికి ప్లగిన్ అక్కర్లేదు, సైన్ ఇన్ అక్కర్లేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఒక గొంతు నిమిషానికి 9 ఎం.బి.కి లోపే. అయిదేసి నిమిషాల 22 పాటలకు ఒక జి.బి. చాలు. రెండు చోట్ల దాచండి. ఏ ఖాతా ఏ ఈమెయిలుతో, ఏ ఫోను నంబరుతో తెరిచారో ఒక నోటుపుస్తకంలో రాసి, మీ తరవాత అది ఎవరి చేతికి రావాలో ఇంట్లో చెప్పండి. పెన్షనుకు నామినీ రాసినవాళ్ళం, పాటకు రాయకపోతే ఎలా?

చివరగా ఒక్క మాట. పాత కంప్యూటరులో చిన్న చిన్న శబ్దాలను మూసేసే అమరిక ఒకటి పెట్టాను. ప్లగిన్లన్నీ ఊడిన ఆ రోజుల్లో అదీ లేదు. అందువల్ల ఒక మంగళహారతి మొదలయ్యేముందు ఇన్నాళ్ళూ నేను వినని మాట వినబడింది. "ఒరేయ్ తమ్ముడూ, ఆ ఫ్యాను ఆపరా, పాటలో పడుతుంది" అంటోంది అక్కయ్య. నేను ఆపలేదు.

శుభ్రం చేసిన పాటలతో పాటు ఆ ముడి ఫైలు కూడా మేనల్లుడికి పంపాను. అతను ముందు విన్నది దాన్నే.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి గొంతులు ఉన్నాయి. శనివారాలు సాయంత్రం నేను సంఘం గదిలోనే ఉంటాను. రసీదు ఉంటే వెంట తెచ్చుకోండి.