తిట్టులో దాగిన వైధవ్యం



నిఘంటు నిర్మాణం గురించి చర్చించబోయే ఈ వేదిక మీద, సభల్లో పలకడానికి వెనుకాడే రెండు మాటలను తీసుకుంటున్నాను: వెధవ, ముండ. ఇంట్లో, బజార్లో, సినిమాలో వినబడే ఈ రెండు తిట్లకూ మూలార్థం ఒక్కటే. భర్త చనిపోయిన స్త్రీ.

సంస్కృత ‘విధవ’ మన నోట ‘వెధవ’ అయింది. ధవుడంటే భర్త, అతడు లేనిది విధవ అని సంప్రదాయ వ్యుత్పత్తి. చారిత్రక భాషాశాస్త్రం వేరే సంగతి చెబుతుంది. లాటిన్ ‘విదువా’, ఇంగ్లీషు ‘విడో’ దీనికి తోబుట్టువులు. ముందు పుట్టింది ‘విధవ’; దాన్ని విడగొట్టి ‘ధవ’ను తర్వాత రాబట్టారు.

‘ముండ’ చరిత్ర ఇంకా కఠినం. ముండనమంటే తల గొరిగించడం. గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, కొన్ని కులాల్లో జుట్టు కూడా తీయించేవారు. ఆ గుండే ఆమెకు పేరైంది. ‘ముండమోసింది’, ‘ముండమోపి’ అన్నవి అక్కడివే. హిందీలోనూ ఇదే దారి. సంస్కృత ‘రండా’ అంటే విధవ. దాన్నుంచి వచ్చిన ‘రండీ’ వేశ్యకు వాడే బూతు. మగదిక్కు లేని ఆడదాని శీలాన్ని లోకం శంకించింది. ఆ శంకే తిట్టుగా స్థిరపడింది.

తర్వాత ఈ రెండూ విడిపోయాయి. ‘ఆ వెధవ వచ్చాడు’ అంటాం. స్త్రీవాచకం కాస్తా పుంలింగమైంది. ‘వెధవ ఎండ’, ‘వెధవ పని’ అంటూ విశేషణమూ అయింది. ‘ఓరి వెధవా, ఎంత ఎదిగావురా’ అని మనవణ్ని మురిపెంగా పిలిచే అమ్మమ్మకు అందులో వైధవ్యం తట్టదు. ‘ముండ’ మాత్రం ‘వచ్చింది’ దగ్గరే ఉండిపోయింది. ‘పిచ్చిముండ’లో జాలి ఉండవచ్చు, కోపంతో అంటే ఇప్పటికీ గాయమే. ‘ముండాకొడకా’ అని మగవాణ్ని తిట్టినా దెబ్బ తల్లికే. మగవాడి మీదికి మళ్లిన మాట పదును తగ్గింది, ఆడదాని మీదే నిలిచిన మాట పదును తగ్గలేదు. మన సమాజం గురించి ఇది చెబుతున్నది చిన్న సంగతి కాదు.

1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించారు. శిరోముండనం క్రమంగా పోయింది. తిట్టు పోలేదు.

యువ పరిశోధకులకు నా విన్నపం. బూతని ఈ మాటలను నిఘంటువుల్లోంచి తప్పించకండి. ‘నిందార్థకం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. ఎవరు, ఎవరిని, ఏ ప్రాంతంలో, ఏ సందర్భంలో అంటున్నారో ఊరూరా తిరిగి సేకరించండి. మూలార్థాన్ని మొదట రాయండి. అది తెలిసినవారు ఆ మాట అనేముందు ఒక్క క్షణం ఆగుతారని నా గట్టి నమ్మకం.

ఆ పనికి ఈ సదస్సు శ్రీకారం చుట్టాలని కోరుతూ, పత్రసమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.