సైకిలెక్కితే శామీర్‌పేట ఎంత దూరం?

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, ఈ వయసులో సైకిలేమిటని నవ్వకండి. పొరుగున తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1991 నాటి అక్షరాస్యతా ఉద్యమం పల్లె ఆడవాళ్ళకు చదువుతోపాటు సైకిలూ నేర్పింది. కొంగు నడుముకు దోపుకుని వేలాదిమంది తొక్కారు. మనకేం తక్కువ?

మన పేట్ బషీరాబాద్‌లో చిక్కంతా నాగపూర్ రోడ్డుతోనే. లారీలు, బస్సులు, మేడ్చల్ దాకా అదే వరస! అందుకే బాగా వెలుగు వచ్చాక, రద్దీ పెరగకముందే బయల్దేరండి. నలుగురు కలిసి, ఒకరి వెనక ఒకరు. కొత్తవాళ్ళు కండ్లకోయ ఆక్సిజన్ పార్కు దాకా వెళ్ళి వెనక్కి తిరిగితే చాలు. కాళ్ళకు అలవాటయ్యాక శామీర్‌పేట చెరువు. ఆ నీళ్ళు చూస్తే ఆయాసం దానంతటదే తగ్గుతుంది. దాపునే జింకల పార్కు కూడాను.

చీరకట్టుకైతే అడ్డకడ్డీ లేని సైకిలు, గొలుసుకు మూత తప్పనిసరి. సీటు మీద కూర్చుంటే మునివేళ్ళు నేలకు అందాలి. ఎత్తు వస్తే దిగి నడిపించండి, సిగ్గేముంది!

నార్సింగి వైపు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు, పైన సోలారు పలకల కప్పుతో. సంతోషమే. మరి లారీల పక్కనే బడికి తొక్కుకుంటూ పోయే మన పిల్లల మాటేమిటి? మన వైపూ అలాంటి దారి కావాలని అర్జీ నేను రాస్తాను. సంతకాలు మీరు పెట్టాలి.