ఇచ్చినవారి పేరు

 

కళను, ప్రసార మాధ్యమాలను పరిశోధించేవారికి ఎదురయ్యే ధర్మసంకటాలను గూర్చి ప్రసంగించవలసిందిగా సంఘం నన్ను ఆదేశించింది. ఈ విషయమై విశ్వవిద్యాలయాలకు నియమావళులున్నాయి. మనకు అంతకంటె ప్రాచీనమైన నియమం ఒకటి ఉంది. పంచశీలాలలో రెండవదానిని ‘దొంగతనం చేయరాదు’ అని మనం క్లుప్తంగా చెప్పుకుంటాం. అదిన్నాదానమనే పాళీ పదానికి ‘ఇవ్వనిదానిని తీసుకొనుట’ అని అర్థం. దాని పరిధి దొంగతనం కంటె విశాలమైనది.

అమరావతి మహాచైత్యం చరిత్రను చూడండి. 1797లో కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేనాటికే దాని రాళ్లు కొత్త కట్టడాలకు తరలిపోతున్నాయి. 1816లో ఆయన మళ్లీ వచ్చి తన బృందంచేత శిల్పాలను చిత్రింపజేశాడు. తరువాత నశించిన ఎన్నో శిల్పాల రూపం నేడు ఆ చిత్రాలవల్లనే మనకు తెలుస్తోంది. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరి, ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకు వానకు ఉండి, 1859లో లండనుకు ఓడ ఎక్కాయి. వాటికి ‘ఎలియట్ మార్బుల్స్’ అన్న పేరు స్థిరపడింది. 1880లో మద్రాసు ప్రభుత్వం దిబ్బనంతటినీ తవ్వించింది. ఏ రాయి ఎక్కడ నిలిచి ఉండేదో సరిగా నమోదు కాకుండానే రాళ్లు కదిలాయి. చివరకు మహాచైత్యమున్న చోట గొయ్యి మిగిలింది.

తీసుకొనిపోకుంటే ఆ రాళ్లు సున్నపు బట్టీల పాలయ్యేవని కొందరంటారు. ఆ మాటలో నిజముంది; కొన్ని నిజంగానే అలా కాలిపోయాయి. కాని 1880 నాటి తవ్వకం కూడా విజ్ఞానం పేరిటనే జరిగింది. చేతన మంచిదైతే చాలునని మనం తరచుగా అనుకుంటాం. అప్పమాదం, అనగా ఎడతెగని జాగరూకత, తోడు కానప్పుడు మంచి చేతన కూడా గొయ్యినే మిగులుస్తుంది.

ఆ చైత్యానికి రాళ్లను ఇచ్చినవారెవరు? ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఉన్న దానశాసనాలు చెబుతాయి. గృహపతులు, వర్తకులు, భిక్షుణులు, స్త్రీలు అనేకులు దాతలు. వారిలో విధికుడనే చర్మకారుడున్నాడు. తల్లితో, భార్యతో, సోదరులతో, సంతానంతో కలిసి అతడు పూర్ణఘట ఫలకాన్ని సమర్పించాడు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీకరించిన రాజచిహ్నం నడుమ పూర్ణఘటమే ఉంది. ప్రతి కార్యాలయపు కాగితం మీదా దానిని చూస్తున్నాం. తోలుపని చేసిన ఒక ఉపాసకుడు అటువంటి ఘటాన్ని చైత్యానికి అర్పించాడని ఎందరికి తెలుసు? సేకరించినవాని పేరు నిలిచింది. ఇచ్చినవాని పేరు మరుగున పడింది.

ఇక మన కాలానికి వద్దాం. అత్యాచారానికి గురైన ఒక వాడకు పరిశోధకుడు కెమెరాతో వెళ్తాడు. ముఖాలు చూపితే బాధితుల మీద మరల దాడి జరగవచ్చు. దాచితే వారు మరల పేరులేనివారవుతారు. శవాన్ని చూపితే దేశం కదులుతుందని పాత్రికేయుడంటాడు. ఆ చిత్రం ఎదురైన ప్రతిసారీ తల్లి గుండె కొత్తగా పగులుతుంది. ఈ సంకటానికి అందరికీ సరిపోయే జవాబు లేదు. అయితే ఆ జవాబు ఎవరు చెప్పాలో రెండవ శీలం చెబుతోంది. విధికుడు తన దానాన్నీ తన పేరునూ తానే ఇచ్చాడు. బాధను చెప్పుకొన్నవారే దేనిని ఇస్తారో, దేనిని ఇవ్వరో నిర్ణయించాలి.

కనుక అడగండి. అది ఎక్కడ, ఎవరికి చూపబడుతుందో ముందే చెప్పండి. భయంవల్లనో, మొగమాటంవల్లనో అన్న ‘సరే’ దానం కాదు. పూర్తయినదానిని మొదట వారికే చూపండి. ఇచ్చిన అనుమతిని వెనుకకు తీసుకొనే హక్కు వారికి ఉండనివ్వండి. దానివల్ల మీ పట్టా ఆలస్యమైనా, మీ చిత్రం ఆగిపోయినా సహించండి.

ఈ మాటలు పరాయివారికి మాత్రమే చెప్పడం లేదు. 1920లో బాబాసాహెబ్ ‘మూక్‌నాయక్’ పత్రికను ప్రారంభించిననాడు మాటాడే సాధనం మన చేతిలో లేదు. నేడు మన బిడ్డల చేతుల్లోనే కెమెరాలున్నాయి. ‘మనవాళ్లే కదా’ అన్న చనువుతో అడగకుండా తీసుకోవడం మనకూ సులభమే. బాధ మనవారిదైనంత మాత్రాన అది మన సొత్తు కాదు.

రేపు మీరు రచించే గ్రంథం మీద, నిర్మించే చిత్రం మీద మీ పేరు ఉంటుంది. ఉండవలసిందే. దాని పక్కన, వారు కోరితే, ఇచ్చినవారి పేరు కూడా ఉండాలి. వద్దంటే ఆ మౌనాన్ని సైతం వారి దానంగానే స్వీకరించండి.

నమో బుద్ధాయ. జై భీమ్.