గీత యొకరిది, రంగు మరియొకరిది
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ మనగానే పుస్తకములు, వార్తాపత్రికలు, వానిని చదువువారు తలపునకు వత్తురు. ఇంకను అక్షరములు కూడబలుకుకొనుచున్న పసివారును, చదువు నేర్చు నవకాశము దొరకని అవ్వలును ఆ తలపులోనికి రారు. వారు గుమ్మము దాటి లోనికి వచ్చినను, చేయదగిన పని యేదియు కానరాక, క్షణకాలము నిలిచి వెడలిపోవుదురు. ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయము తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న యొకటి కలదు: చదువరి కానివారికి ఈ యింట చోటున్నదా? ఆ ప్రశ్నకు చెప్పదగిన సమాధానములలో మిక్కిలి చిన్నదియు, ఖర్చు తక్కువదియు నగునది రంగులు వేయు బొమ్మల కాగితము.

నల్లని గీతలతో బొమ్మను ముద్రించి, లోపలి భాగమును తెల్లగా విడిచిన కాగితమిది. ఉడుత, చిలుక, లేగదూడ, పిల్లికూన మొదలగు ముద్దులొలుకు బొమ్మలు పిల్లలకు. తామరపూలు, నెమళ్లు, సన్నని లతలు పెద్దలకు. పూర్వము వీనిని పుస్తకములుగా కొనవలసి యుండెను. నేడు ఒక్క బొమ్మను సంపాదించినచో జిరాక్సు యంత్రముపై వలసినన్ని ప్రతులు తీయవచ్చును.

పాశ్చాత్య దేశములలో దీని చరిత్ర దాదాపు నూటయేబది సంవత్సరములది. న్యూయార్కు నగరమున మెక్‌లాఫ్లిన్ సోదరుల ముద్రణ సంస్థ 1880 ప్రాంతమున పిల్లల కొరకు ఇట్టి పుస్తకమును వెలువరించెను. 1903లో బిన్నీ అండ్ స్మిత్ అను అమెరికా సంస్థ ఎనిమిది రంగుల మైనపు క్రేయానుల పెట్టెను 5 సెంట్లకు విక్రయింప మొదలిడుటతో, నీళ్లును కుంచెయు అక్కరలేకయే పిల్లలకు రంగులు చేతికందెను. 2013లో స్కాట్లండు చిత్రకారిణి జొహానా బాస్‌ఫర్డ్ పెద్దల కొరకు ప్రకటించిన ‘సీక్రెట్ గార్డెన్’ అను పుస్తకము లక్షల ప్రతులు అమ్ముడుపోయి, ఇది పసివారి ఆట మాత్రమే కాదని చాటినది.

అయినను ఇది మనకు పరాయి విద్య యనుకొనుట పొరపాటు. శ్రీకాళహస్తి కలంకారీని చూడుడు. కరక్కాయయు పాలును కలిపిన ద్రవమున బట్టను ముంచి యారవేయుదురు. చింతబొగ్గుతో మొదట ఆకృతిని గీయుదురు. బెల్లపు నీట ఇనుమును దినములకొలది ఊరవేసి చేసిన ‘కసిమి’ యను నల్లరంగులో కలమును ముంచి ఆ గీతను స్థిరపరచుదురు. ఆ పిమ్మటనే ఎరుపు, పసుపు, నీలము ఒకదాని వెనుక నొకటి వచ్చును. గురువు గీత గీయగా ఇంటివారును శిష్యులును రంగు నింపుట ఆ వృత్తిలో సామాన్యము. ఆ కళలో పేరుగాంచిన జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ బిరుదము లభించినది.

ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలోని తోలుబొమ్మల కళాకారులు మేకతోలును పలుచన చేసి, గీతలు గీసి, రంధ్రములు తొలిచి, రంగులద్దుదురు. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. అంత దూరమేల? ధనుర్మాసమున ప్రతి వాకిట అవ్వ ముగ్గుగీత వేయుచుండగా మనుమరాలు రంగుపొడి నింపుట మనమెరుగనిదా? అక్షరము రాని ఆ అవ్వ చుక్కల లెక్క తప్పక, పీట లేక, పుస్తకము లేక, నేలపై గీయు గీతను మన మెన్నడును విద్యగా గణింపలేదు. ఆమెకు గ్రంథాలయమున పీట వేయుటకు ఇంతకంటె తగిన కారణము వేరొకటి లేదు.

ఈ కాగితములపై ఆక్షేపణ లేకపోలేదు. కళావిద్యాచార్యుడైన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రకటించిన తన గ్రంథమున రంగులు వేయు పుస్తకములను గట్టిగా విమర్శించెను. పరులు గీసిన గీతలో ఇమిడిన బిడ్డ తన బొమ్మను తాను గీయు ధైర్యమును కోల్పోవునని ఆయన భయము. అది త్రోసిపుచ్చదగినది కాదు. “ఆకు పచ్చగానే యుండవలెను, గీత దాటరాదు” అని గద్దించు పెద్దలున్నచోట ఆ భయము నిజమే యగును.

మరియొక ప్రక్క, 2005లో అమెరికాలో కర్రీ, కాసర్ అను పరిశోధకులు 84 మంది కళాశాల విద్యార్థులపై ఒక పరీక్ష జరిపిరి. వారి మనస్సులలో కొంత ఆందోళన కలిగించిన పిమ్మట, కొందరికి మండలాకృతియు, కొందరికి గళ్ల బొమ్మయు, కొందరికి వట్టి తెల్లకాగితమును ఇచ్చిరి. గీతలున్న బొమ్మలకు రంగులు వేసినవారి ఆందోళన, తెల్లకాగితము పొందినవారి దానికంటె ఎక్కువగా తగ్గెను. ఇది చిన్న పరీక్ష. రంగుపెట్టె వైద్యునకు బదులు కాజాలదు. కాని తెల్లకాగితమును చూచి జంకువానికి గీత చేయూత యగునని దీనివలన తెలియుచున్నది.

రెండు మాటలును కలిపి చూచినచో మార్గము స్పష్టమగును. గీత ద్వారము కావలెను గాని గోడ కారాదు. ప్రతి కాగితమునకు వెనుకప్రక్క ఖాళీగా నుంచి, ముందుప్రక్క పూర్తిచేసిన బిడ్డను అక్కడ తన యిష్టమైన బొమ్మ గీయుమనవలెను. నీలిరంగు ఆవును గీసిన బిడ్డను దిద్దరాదు. ఆ యావు కథ యేమని యడుగవలెను.

పసివారికి గీత లావుగను, గదులు పెద్దవిగను ఉండవలెను. చూపు తగ్గిన వృద్ధులకును అట్టివే మేలు. పలుచని కాగితముపై స్కెచ్ పెన్నుల సిరా వెనుకకు దిగును గనుక క్రేయానులు, రంగు పెన్సిళ్లు తగినవి. ఇంటర్నెట్టులో దొరకు బొమ్మలన్నియు ఉచితములు కావు. కొన్ని సొంత వాడుకకు మాత్రమే అనుమతింపబడినవి. కావున మన యూరి పిల్లలలో గీయనేర్చినవారిచేత గీయించుటయే ఉత్తమము.

అట్లు గీయించుటకు వస్తువులకు కొదవ లేదు. మంచుకోటల కంటె ముందు ఉదయగిరి దుర్గమును గీయవచ్చును. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఆ దుర్గమును జయించి, అక్కడి బాలకృష్ణ విగ్రహమును హంపీకి కొనిపోయి ఆలయమున నిలిపెను. ఆ బాలకృష్ణుని బొమ్మ యేబిడ్డకు ముద్దుగా నుండదు? నర్ది, బిక్కి, కలివి కర్రలతో చెక్కు ఉదయగిరి కొయ్యచెంచాలు, పొడవైన కాళ్ల నెల్లూరు గొర్రె, నేలపట్టు చెరువున గూళ్లు కట్టు గూడబాతులు అన్నియు మన బొమ్మలే.

చివరిదియు ముఖ్యమైనదియు నగు మాట. బొమ్మ క్రింద దాని పేరును, లోపల ఖాళీగా నుండు పెద్ద అక్షరములతో ముద్రింపవలెను. ఉడుతకు రంగు వేసిన చేయి ‘ఉ’, ‘డు’, ‘త’ అను అక్షరములకును రంగు వేయును. ప్రక్కనే ఉడుత కథయున్న పుస్తకము తెరచి యుంచవలెను. మనుమనితో కలిసి రంగు వేయ కూర్చున్న అవ్వయు ఆ మూడక్షరముల వంపులను తన ముగ్గు మెలికలవలెనే గుర్తుపట్టును. ఆనాడు ఆమె పేరు చందాదారుల పట్టికలో చేరునో లేదో గాని, ఆ పేరును ఆమెయే వ్రాయుటకు తొలిగీత పడినట్లే. రజతోత్సవము జరుపుకొనిన గ్రంథాలయము స్వర్ణోత్సవము నాటికి ఇట్టి సంతకములను లెక్కించుకొనును గాక!