ముప్పై మూడవ గంప

(ఉగాది నాడు ఆలయ దాతల సమావేశంలో ఒక రైతు చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకు ముందే పంచాంగ శ్రవణం జరిగిన ఈ వేదికపై కూరగాయల రైతును మాట్లాడమన్నారు. శాస్త్ర విషయాలు చెప్పగల అర్హత నాకు లేదు. చైత్రమాసంలో మా తోట ఎలా ఉంటుందో, ఆ తోటలో నేను చేసిన పొరపాటు ఏమిటో విన్నవిస్తాను.

మాది మదనపల్లె పరిసరాలలో ఎకరంన్నర తోట. ఆ ప్రాంతం టమాటకు ప్రసిద్ధి. ధర పలికితే పండుగ. పడిపోతే కోత కూలి కూడా రాక, పండిన పంటను రోడ్డు పక్కన పారబోసి ఇంటికి పోవలసిందే. ఆ జూదం మానుకోవాలని పట్టణంలోని 32 కుటుంబాలతో ఒక ఒప్పందం చేసుకున్నాము. పంటకాలానికి సరిపడా పైకం వారు ముందుగా ఇస్తారు. ప్రతి శుక్రవారం తోట ఇచ్చినదానిలో సమభాగం గంపలో వారి గుమ్మం చేరుతుంది. ఎక్కువ పండితే ఎక్కువ, తక్కువ పండితే తక్కువ. జపానులో 1970ల నుండి, అమెరికాలో 1986 నుండి ఇటువంటి ఏర్పాట్లు ఉన్నాయని తరువాత తెలిసింది. కళ్ళంలోనే వృత్తిదారులకు ‘మేర’ కొలిచిన కాలం ఎరిగిన పెద్దలకు ఇది వింతగా తోచదు.

వసంతమనగానే కవులకు కోకిల గుర్తుకు వస్తుంది. మాకు బోరుబావి గుర్తుకు వస్తుంది. వేపపూత రాలే వేళకు నీరు తగ్గనారంభిస్తుంది. పాలకూర, కొత్తిమీర ఎండకు తాళలేక పూతకు వస్తాయి. పగటి వేడి 35 డిగ్రీలు దాటిందంటే టమాట పూత రాలుతుంది. అప్పుడు బెండ, గోరుచిక్కుడు, తోటకూర, దోస గంపను ఆదుకుంటాయి. పందిళ్ళపై బీర, సొర అల్లుకుంటాయి. గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, దానికి తేనెటీగ ఆధారం. బీరపువ్వు, సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటాయి. వాటికి రాత్రి తిరిగే రెక్కపురుగులు కావాలి. కనుక వేపగింజల కషాయం చల్లాలన్నా ఏ పాదుకు ఏ వేళ అని ఆలోచించవలసిందే. తేనెటీగలకై వెడల్పాటి మూకుళ్ళలో నీరు పెట్టి గులకరాళ్ళు వేస్తాము. నిలబడడానికి రాయి లేకపోతే అవి నీటిలో పడి చనిపోతాయి.

నేలకు మేము వేసేది జీవామృతం. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి కలిపి, రెండు రోజులు నీడలో ఉంచి, ఉదయం సాయంత్రం కలియబెడతాము. ఎకరానికి అది చాలు.

ఇక నా పొరపాటు. మొదట్లో 32 గంపలు నింపిన తరువాత మిగిలినవి ఆలయ అన్నదానానికి తెచ్చేవాడిని. దాతల పట్టికలో నా పేరు చూసుకొని సంతోషించేవాడిని. ఒక శుక్రవారం వంటశాలలో ఒక పెద్దమ్మ నేను తెచ్చిన బీరకాయ కోసి చూసింది. ముదిరి, లోపల పీచు కట్టి ఉంది. “నాయనా, ఇవి స్వామికని కోసినవా, పంచగా మిగిలినవా?” అని అడిగింది. ఆ గొంతులో నింద లేదు. నా వద్ద సమాధానమూ లేదు. ఆమె ఆ కాయలను పారవేయక, పనికివచ్చేంతవరకు తొక్కు తీసి పచ్చడికి వేయడం చూచి మరింత సిగ్గుపడ్డాను.

నాటి నుండి స్వామి గంప మొదట నింపసాగాను. లేతవి ఏరి, మంచివి ఏరి నింపేవాడిని. పొరపాటు దిద్దుకున్నానని అనుకున్నాను.

నిరుడు చైత్రంలో ఒక సాయంత్రం గాలివానతో వడగండ్లు పడ్డాయి. బీర పందిరి నేలకూలింది. ఆ శుక్రవారానికి మిగిలినవి కొంత తోటకూర, కొద్దిగా గోరుచిక్కుడు, కొన్ని సొరకాయలు మాత్రమే. అలవాటుగా స్వామి గంప ముందుకు లాగాను. నా భార్య ఆపింది. “పైకం ముందే ఇచ్చినవారు వాళ్ళు. వాళ్ళ భాగం తీసి మనం పుణ్యం కట్టుకోవడం ఏ ధర్మమండీ?” అన్నది. ఏడాది పొడవునా మంచి కాయలన్నీ ఏరి ఇచ్చినది నా సొత్తు కాదని అప్పుడు తెలిసింది.

ఆ రోజు ప్రతి గుమ్మంలోనూ సగం నిండిన గంప దించి ఈ సంగతి చెప్పాను. పలువురు, స్వామికే ఇవ్వండి అన్నారు. ఒకాయన మాత్రం, “నా భాగం నాకు ఇవ్వండి. గుడికి ఇవ్వాలనుకుంటే నేనే తీసుకువెళతాను” అన్నారు. అప్పుడు కొంచెం మనసు నొచ్చుకున్నది. ఇంటికి వచ్చి ఆలోచిస్తే, ఆయన చెప్పినదే న్యాయమనిపించింది.

తోటలో మా కుటుంబానికీ ఒక భాగం ఉంది. అది ముప్పై మూడవ గంప. ఇప్పుడు స్వామికి ఇచ్చేది ఆ గంపలో నుండే, మేము వండుకోకముందే తీస్తాము. ఆ వారం ఆలయానికి తెచ్చినవి రెండు కట్టల తోటకూర, ఒక సొరకాయ. మా ఇంట్లో మూడు రోజులు పచ్చడి మెతుకులే. రసీదు వ్రాసే సేవకుడు సొరకాయ ఒక్కటేనా అని నా వంక చూశాడు. పెద్దమ్మ మాత్రం గోటితో గిచ్చి చూసి, “లేతది” అని కత్తిపీట ముందుకు జరుపుకుంది.

కూలిన పందిరి మళ్ళీ వేశాము. ఈ ఏడు బీర మొన్ననే పూతకు వచ్చింది. ఎల్లుండి శుక్రవారానికి ఏమి కోతకు వస్తుందో ఇంకా తెలియదు.