వెట్టి కాని సేవ

(రఘునాథపల్లిలో సంఘ సభ్యుల కూటమునందు చేసిన ప్రసంగ పాఠము)



నాకు ఇచ్చిన అంశము "పరిచర్యలో ఆనందము". ఈ మాట వినగానే మీలో కొందరు లోలోపల నవ్వుకొని ఉండవచ్చును. మన సంఘములలో పరిచర్యను గూర్చి తరచుగా వినబడేది అలసట మాటే గదా! "ఎప్పుడు చూసినా మేమే ఊడ్వాలా? చాపలు పరిచేది మేమే, చుట్టేది మేమేనా? పండుగనాడు వంట మాది, పేరు ఇంకొకరిదా?" అంటారు. ఇంటికి పోతే ఇంకొక మాట ఎదురవుతుంది: "చర్చి చర్చి అని తిరుగుతావు, ఇల్లెవరు చూడాలె?" ఈ రెండు మాటల నడుమ నలిగి, మంచి పనిమంతులు ఒక్కొక్కరే వెనుకకు తగ్గుతున్నారు. ఇది చిన్న సంగతి కాదు. పల్లె సంఘము జీతగాండ్రతో నడవదు. ఇష్టముతో ముందుకు వచ్చే చేతులమీదనే అది నిలుస్తుంది. ఆ చేతులు ముడుచుకొన్ననాడు మందిరపు తలుపు తీసేవారుండరు.

కూలి లేని పనిని గూర్చి మన జనగామ ప్రాంతమువారికి ఎవరూ కొత్తగా చెప్పనవసరము లేదు. నిజాము కాలములో మన పెద్దలు వెట్టి చేసినారు. దొర గడీలో ఊడ్చినారు, నీళ్ళు మోసినారు, దొర పొలము దున్నినారు. పిలిచినప్పుడు పోవలసిందే, ఎందుకని అడిగే వీలు లేదు. దానిని ఎదిరించినందుకే 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణము పోయినది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటకొరకు నిలబడినది. ఆ రెండు ఊళ్ళూ నేడు మన జిల్లాలోనివే.

వెట్టికి కూలి లేదు, పరిచర్యకు కూలి లేదు. గడీ ఊడ్చినదీ చీపురే, మందిరము ఊడ్చేదీ చీపురే. మరి రెండింటికి తేడా ఏమి? వెట్టివానికి కాదనే స్వాతంత్ర్యము లేదు. పరిచర్య చేసేవాడు తన ఇష్టముతో, తన్ను ప్రేమించినవాని కొరకు చేస్తాడు. ఆ ఇష్టము ఇంటిలో, దేవుని ఎదుట, నెమ్మదిగా కూర్చున్న వేళ పుడుతుంది. ఆ నెమ్మది పోయిననాడు పరిచర్య మనకు తెలియకుండానే వెట్టిగా మారుతుంది. నేను ఈ దినము చెప్పదలచినది ఇదే.

మనకు దగ్గరలోనే దీనికి సాక్ష్యమున్నది. రఘునాథపల్లిలో రైలెక్కి, కాజీపేటలో బండి మారి, మహబూబాబాదు దాటితే డోర్నకల్ వస్తుంది. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ కానుకలతో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించినారు. ఆ సొసైటీ తరఫున వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1909లో డోర్నకల్ వచ్చినారు. పుట్టుకతో తమిళుడు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్ళు. ఆ వయసులో మన తెలుగు నేర్చుకొన్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో ఆయనకు బిషప్పు అభిషేకము జరిగినది. ఆంగ్లికన్ సంఘములో తొలి భారతీయ బిషప్పు ఆయనే. 1945 జనవరి 1న ఆయన కన్నుమూసేనాటికి డోర్నకల్ అధ్యక్ష ఖండములో విశ్వాసులు రెండు లక్షలకు మించినారు.

అంతమందిని ఎవరు తీసుకొని వచ్చినారు? ఒక్క బిషప్పుగారా? జీతముమీద ఉన్న కొద్దిమంది బోధకులా? వారి కష్టమును తక్కువ చేయను. అయితే బాప్తిస్మము పొందిన ప్రతివారూ సాక్షులే అని అజరయ్యగారు నేర్పినారు. సువార్త ప్రకటించుట తనమీద మోపబడిన బాధ్యత అని పౌలు చెప్పిన మాటను, బాప్తిస్మము పొందినవారు తమ తలమీద తామే చెయ్యి ఉంచుకొని పలికేవారు. ఏడాదికొకసారి సాక్ష్యపు వారము జరిపేవారు. ఆ దినములలో సంఘస్థులు ప్రక్క ఊళ్ళకు పోయి తమకు జరిగిన మేలు చెప్పేవారు. వారిలో ఎక్కువమంది ఊరి వెలుపల ఉంచబడిన మాల, మాదిగ పల్లెలవారు, అక్షరము రానివారు. పగలు ఒకరి పొలములో ఒళ్ళు విరిచినవారే వీరు. అయినా ప్రభువు పనికి వారిని ఎవరూ కొరడా పట్టి తోలలేదు. జన్మలో మొదటిసారిగా తమంత తాము ఎన్నుకొన్న పని అది. వారి ఆనందమునకు వేరు అక్కడున్నదని నేను నమ్ముతాను.

1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ ఎపిఫనీ కతీడ్రల్‌ను మీలో చాలామంది చూచియే ఉంటారు. గుడి స్తంభముల పోలికలు, మసీదు గుమ్మటముల పోలికలు కలిపి, ఇది మన దేశపు మందిరమని చెప్పేటట్లు కట్టినారు. కట్టించినవారి పేరు చరిత్రలో ఉన్నది. అప్పటినుండి దానిని ఊడ్చిన వారి పేర్లు ఏ పుస్తకములో లేవు. ఊడ్వనిదే ఏ మందిరమైనా ఎన్ని దినములు నిలుస్తుంది? ప్రతి సంఘములో ఇట్లు పేరు లేకుండా పనిచేసినవారున్నారు. ఈ శతవత్సర సంచికలో వారికి కూడా చోటుండవలెనని నా కోరిక.

ఇప్పుడు మార్త సంగతి చూద్దాము. లూకా సువార్త పదియవ అధ్యాయములో మార్త ప్రభువును తన ఇంట చేర్చుకొని వంటపనిలో తలమునకలైనది. చెల్లెలు సాయము రాలేదని ప్రభువుకే ఫిర్యాదు చేసినది. ప్రసంగీకులు సాధారణముగా అక్కడనే ఆగి, మార్తవలె ఉండవద్దు అని చెప్పి ముగిస్తారు. వంటచేసే అమ్మలు అది విని మనసు చిన్నబుచ్చుకొంటారు. కాని యోహాను సువార్త పండ్రెండవ అధ్యాయము తీయండి. పస్కా పండుగకు ఆరు దినములు ముందు, అదే బేతనియలో ప్రభువుకు విందు జరిగినది. అక్కడ కూడా మార్తయే ఉపచారము చేస్తున్నది! ప్రభువు ఆమెను పని మానిపించలేదన్నమాట. మరియ అక్కడ కూడా ప్రభువు పాదముల దగ్గరనే ఉన్నది. మార్త మాత్రము ఈసారి ఎవరిమీదనూ ఫిర్యాదు చేసినట్లు యోహాను వ్రాయలేదు.

ఈ రెండు విందుల నడుమ ఏమి జరిగినది? సహోదరుడు లాజరు చనిపోయినప్పుడు మార్త ఒంటరిగా ఊరి వెలుపలికి పోయి ప్రభువును కలుసుకొన్నది. ఇంటినిండా జనమున్న దుఃఖములో, ఆ దారిమీద ప్రభువుతో మాట్లాడి, ఆయన ఎవరో తన నోటితో ఒప్పుకొన్నది. ఆమె మార్పు అక్కడ మొదలయినదని నాకు తోస్తుంది. పని అదే, పాత్రలు అవే. మనసు మాత్రము నెమ్మది పడినది.

మన ప్రభువు కూడా ఈ క్రమమునే పాటించినారు. మార్కు మొదటి అధ్యాయములో కపెర్నహూములో ఆయన గడిపిన ఒక దినము ఉన్నది. ఉదయము సమాజమందిరము, తరువాత సీమోను అత్త జ్వరము, పొద్దు గూకినాక పట్టణమంతా తలుపు దగ్గర. అంత పని జరిగిన మరునాడు, ఇంకను చీకటి ఉండగానే లేచి, ఒంటరి చోటికి పోయి ప్రార్థించినారు. ఆ సీమోను అత్తను చూడండి. ఆమె ముందు స్వస్థత పొందినది, ఆ తరువాత లేచి ఉపచారము చేసినది. ముందు పొందవలెను, తరువాత పెట్టవలెను. బావిలో ఊట లేక చేద దించితే బురదయే పైకి వస్తుంది.

"అమ్మా, మాకు నెమ్మది వేళ ఎక్కడిది? పత్తి ఏరే రోజులలో తెల్లవారక ముందే కూలి ఆటో వస్తుంది, పొద్దు గూకినాక ఇల్లు చేరుతాము" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. గంటసేపు గదిలో తలుపు వేసుకొని కూర్చొమ్మని నేను చెప్పను. మనలో చాలామంది ఇండ్లలో వేరు గది కూడా లేదు. అయితే మన తల్లులు మనకొక మార్గము విడిచిపోయినారు. అదే పిడికెడు బియ్యము. పొయ్యిమీద ఎసరు పెట్టి, బియ్యము కొలిచి, అందులో ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆ పిడికిలి విప్పేటప్పుడు ఒక చిన్న ప్రార్థన. ఆదివారమునాడు ఆ బియ్యము మందిరమునకు పోయేది. మిజోరాము సంఘములు నూరేళ్ళకు పైగా ఈ పద్ధతినే పాటిస్తున్నవి. పేదవాడు కూడా ఇవ్వగలడు, ఇవ్వవలెను అని అజరయ్యగారు పట్టుదలగా నేర్పినారు. క్రైస్తవ దానమును గూర్చి ఒక పుస్తకమే వ్రాసినారు. నాకు ఈ పిడికెడు బియ్యములో కనబడేది దానము ఒక్కటే కాదు. ఇంటి నెమ్మది, మందిరపు పని కలిసేది ఆ కుండలోనే. ఎవరూ చూడరు, ఎవరూ లెక్క అడుగరు. ఆ అర నిమిషము ఆ తల్లి, ఆమె దేవుడు, అంతే.

నేనెరిగిన ఒక వృద్ధురాలు ఉండేది. శనివారము సాయంత్రము మందిరము ఊడ్చేది. ఊడ్చినాక వెంటనే పోక, చీపురు గోడకు ఆనించి, కొంతసేపు చాపమీద ఊరకనే కూర్చుండేది. "అలసినావా అవ్వా?" అని అడిగితే, "అలుపు కాదు బిడ్డా, రేపు అందరు వస్తరు, ఇయ్యాల నేను ఒక్కదాన్నే ఆయనతోటి ఉంట" అన్నది. ఎవరో పంపితే వచ్చిన మనిషి మాట కాదది. ఆమెకు చదువు లేదు. పరిచర్యను గూర్చి నేను విన్న ప్రసంగములలో ఆ మాటకు సాటి వచ్చేది తక్కువ.

ఇక సంఘ పెద్దలకు ఒక మనవి. సేవను వెట్టి చేయకుండ కాపాడవలసిన భారము మీమీద ఉన్నది. ఊడ్చేది ఎప్పుడూ పేద స్త్రీలు, కుర్చీలో కూర్చునేది ఎప్పుడూ కలిగినవారు అయితే, ఆ పనికి పరిచర్య అని పేరు పెట్టినంతమాత్రాన సరిపోదు. వంతులు వేయండి, ఆ వంతులలో మగవారిని కూడా చేర్చండి. చీపురు పట్టిన చేతికి నామర్దా లేదు. ప్రభువు శిష్యుల పాదములే కడిగినారు. పని చెప్పేటప్పుడు ఆజ్ఞగా గాక అడిగి చెప్పండి. మంచాన పడిన అత్తకు సేవచేసే కోడలు మందిరపు పనికి రాలేకపోతే ఆమెను తప్పు పట్టవద్దు. ఆమె ఆ ఇంటిలోనే పరిచర్య చేస్తున్నది. అవసరమైతే సంఘమే ఆమె ఇంటికి పోయి ఒక పూట ఆ అత్త దగ్గర కూర్చుండవలెను. నడవలేని ముసలివారిని కూడా పనిలేనివారని తలచవద్దు. వారికి పేర్ల పట్టిక ఇచ్చి, వీరికొరకు ప్రార్థించండి అని అప్పగించండి.

భర్తలకు కూడా ఒక మాట. ఇంటామె మందిరమునుండి వచ్చేసరికి పొయ్యి రాజేసి పెట్టండి. ఆ ఒక్క పనితో ఇంటిలో సగము జగడము తీరుతుంది. యౌవనస్థులారా, రాత్రి పడుకొనే ముందు పది నిమిషములు ఫోను ప్రక్కన పెట్టండి. ఆ పది నిమిషములు ఇల్లంతా కలిసి కూర్చొని ఒక అధ్యాయము చదువుకొంటే, తెల్లవారి మందిరములో మీరు పాడే పాట వేరుగా ఉంటుంది.

పరిచర్యలో ఆనందము ఉన్నదో లేదో మన పిల్లలు కనిపెట్టి చూస్తూ ఉంటారు. సణుగుతూ చేస్తే, పెద్దయినాక వారు ఆ పని దరికి రారు. సంతోషముతో చేస్తే, పిలువకనే వచ్చి చాప రెండవ కొస పట్టుకొంటారు. రేపు ఈ మందిరపు తలుపు తీసేది వారే. ఈ వారమే మీ ఇంట ఒక కుండ వేరుగా పెట్టండి. పిడికెడు బియ్యము వేసే ఆ అర నిమిషము ప్రభువుతో ఉండండి. తరువాత శనివారము చీపురు పట్టండి.

మన చేతుల పనిని ప్రభువు అంగీకరించి, మన ఇండ్లకు తన నెమ్మదిని అనుగ్రహించును గాక. ఆమేన్.